కెస్లర్ ది ఆల్పైన్ 162: రెండు సీజన్లు వాడాక

మంచు మీద రేసుల కోసం చేసిన ఈ ఆల్పైన్ స్నోబోర్డు నడుము దగ్గర జానెడు వెడల్పు కూడా ఉండదు. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నా బూట్లు దీని మీద అడ్డంగా ఎలా పడతాయా అనుకున్నాను. అడ్డంగా పట్టవు. పాదాలు రెండూ దాదాపు ముందుకు చూసేలా పెట్టుకోవాలి. నా ముందు పాదం 57 డిగ్రీలు, వెనక పాదం 54. మామూలు స్నోబోర్డు మీద పక్కకు తిరిగి నిలబడే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది కొత్తగా బండి నేర్చుకోవడం లాంటిదే. నాకు అలవాటు పడటానికి మొదటి సీజన్‌లో ఆరు వారాలు పట్టింది.

మాది అనకాపల్లి. జ్యూరిక్ వచ్చి 11 ఏళ్ళయింది. ఇక్కడ చలికాలం శని, ఆదివారాలు ఇంట్లో కూర్చుంటే మనసు బాగుండదని 33వ ఏట స్నోబోర్డు నేర్చుకున్నాను. అందరిలాగే మెత్తటి బూట్లతోనే. ఐదారేళ్ళు అలాగే గడిచాయి. తర్వాత ఒక శనివారం పొద్దున మా ఆఫీసులో పనిచేసే పెద్దాయన ఒకరు ఫ్లుమ్‌సర్‌బెర్గ్ అనే స్కీ కొండ మీద కనిపించారు. 90లలో గ్లారుస్ వైపు ఊరి క్లబ్బు తరఫున రేసులకు వెళ్ళేవారట. కాళ్ళకి స్కీ బూట్లలాంటి గట్టి బూట్లు, కింద సన్నటి పొడవాటి బోర్డు. ఆయన మలుపు తీసుకుంటుంటే ఒళ్ళంతా మంచు మీదకి వాలిపోయింది, చెయ్యి నేలను తాకుతోంది, అయినా మంచు పైకి చిమ్మలేదు. ఆయన వెళ్ళాక దగ్గరికి వెళ్ళి చూశాను. కొడవలి వంపులా ఒకే ఒక సన్నటి గాడి ఉంది. బోర్డు ఎక్కడా పక్కకి జారిన ఆనవాలు లేదు. ఆ గాడి నేనూ గీయాలని ఆ రోజే అనుకున్నాను.

కొనడానికే ఒక చలికాలం పట్టింది. జ్యూరిక్‌లో ఒక పెద్ద స్పోర్ట్స్ దుకాణానికి వెళ్ళాను. గోడ పొడవునా స్నోబోర్డులు ఉన్నాయి, ఆల్పైన్ బోర్డు ఒక్కటీ లేదు. అక్కడి కుర్రాడిని హార్డ్ బూట్లు అడిగితే, అవి స్కీ వాళ్ళవి కదా, పై అంతస్తులో అడగండి అన్నాడు. పై అంతస్తు వాళ్ళు మళ్ళీ కిందకే పంపారు. ఇంకో ఊళ్ళో ఒక పాత సామాన్ల దుకాణంలో వాడిన హార్డ్ బూట్లు దొరికాయి. పాదం కొలిచి, ఇవే మీ సైజు అని ఇచ్చారు. నిజానికి ఒక సైజు పెద్దవి. మలుపు తీసుకున్న ప్రతిసారీ మడమ లోపల లేచేది, వేళ్ళు ముందు గోడకి కొట్టుకునేవి. జనవరి అయ్యేసరికి రెండు బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి. నాకు బాధ కన్నా కోపం ఎక్కువ వచ్చింది. అమ్మినాయన మంచివాడే, మోసం చేయలేదు. హార్డ్ బూటు ఎవరి కాలికైనా సరిచూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు, అంతే. ఒక ఆట తగ్గిపోతే దాని చుట్టూ ఉండే పనితనం కూడా పోతుందని అప్పుడు నాకు అర్థమైంది.

బోర్డు మాత్రం ఒక రేసర్ అమ్మాయి తల్లిదండ్రుల దగ్గర 480 ఫ్రాంకులకు దొరికింది. నా బరువుకి ఇంకాస్త పొట్టిది సరిపోయేది. కానీ ఆ చలికాలమంతా వెతికితే నాకు కనబడింది ఈ ఒక్క 162 సెంటీమీటర్ల స్లాలమ్ బోర్డే (స్లాలమ్ అంటే దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే రేసు). వెనక్కి తగ్గితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో అన్న టెన్షన్‌తో తీసేసుకున్నాను.

ఇక అసలు వస్తువు గురించి. కెస్లర్ స్విట్జర్లాండ్ కంపెనీ. హాన్స్‌యుర్గ్ కెస్లర్ పేరు మీద వచ్చిన పేరు. వాళ్ళ ఊరు బ్రౌన్‌వాల్డ్. గ్లారుస్ కొండల్లో ఉంటుంది, కార్లు వెళ్ళవు, లింతాల్ నుంచి కొండ రైలు ఎక్కాలి. ప్రపంచ కప్ ఆల్పైన్ రేసర్ల కాళ్ళ కింద తరచుగా కనిపించే పేర్లలో కెస్లర్ ఒకటి, ఎస్‌జీ ఇంకొకటి. ఎస్‌జీ పెట్టింది ఆస్ట్రియా రేసర్ సీగీ గ్రాబ్నర్, 2006 టురిన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినాయన. చేసేవాళ్ళలో చాలామంది ఇలా చిన్న వర్క్‌షాపుల వాళ్ళే. ఒకప్పుడు బర్టన్ లాంటి పెద్ద కంపెనీ కూడా ఆల్పైన్ బోర్డులు చేసేది, తర్వాత మానేసింది.

లోపల చెక్క ఉంటుంది, దానితో పాటు టిటనాల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు పలుచటి రేకులు. గట్టి మంచు మీద బోర్డు అదరకుండా ఉండేది ఈ రేకుల వల్లే. నా పాత మెత్తటి బోర్డు గట్టి మంచు మీద పళ్ళెంలో గిన్నె పెట్టి ఈడ్చినట్టు గడగడలాడేది. ఇది అలా చేయదు. ఇంకో సంగతి, దీని పక్క వంపు ఒకే వృత్తంలోంచి కోసినట్టు ఉండదు, ముక్కు నుంచి తోక దాకా మెల్లగా మారుతూ పోతుంది. రైలు పట్టాలు తిన్నగా వచ్చి ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా మలుపులోకి వంగుతాయి కదా, అదే లెక్క. అందుకే మలుపు మొదలయ్యేటప్పుడు కుదుపు ఉండదు. ఎడ్జ్ మీదకి, అంటే పక్కన ఉండే ఉక్కు అంచు మీదకి, వాలగానే బోర్డు దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది.

పొద్దున 8:30కి మొదటి లిఫ్టులో పైకి వెళ్తే, రాత్రి యంత్రం దువ్వెనతో దువ్వినట్టు వదిలిన మంచు ఉంటుంది. దాని మీద ఈ బోర్డు ఇచ్చే అనుభవం నేను ఇంకెక్కడా పొందలేదు. మలుపు మధ్యలో ఒంటి బరువు రెట్టింపు అయినట్టు కాళ్ళలోకి దిగుతుంది, మరుక్షణం బోర్డు మనల్ని అవతలి వైపు మలుపులోకి విసురుతుంది. ఊరి చెరువు గట్టు మీద మర్రి ఊడ పట్టుకుని ఊగేవాళ్ళం. ఊగు అటు చివరికి వెళ్ళి ఆగినప్పుడు కడుపులో ఒక ఖాళీ వచ్చేది. మలుపుకీ మలుపుకీ మధ్య సరిగ్గా అదే ఖాళీ. పది మలుపులు సరిగ్గా పడితే ఆ రోజంతా నాకు నవ్వు ఆగదు.

ఇంత మంచి వస్తువు దుకాణాల్లో ఎందుకు లేదన్నది నన్ను చాలా రోజులు తొలిచింది. ఒకసారి లిఫ్టులో పెద్దాయన్ని అడిగాను. "మా క్లబ్బుని రూల్ బుక్కు ఖాళీ చేసింది" అన్నారు. గొంతులో కోపం లేదు, చనిపోయిన స్నేహితుడి గురించి చెప్పినట్టు చెప్పారు. అప్పటినుంచి దొరికినదల్లా చదివాను, స్విట్జర్లాండ్‌లోనే ష్కువోల్ అనే ఊళ్ళో ప్రపంచ కప్ రేసు కూడా చూసి వచ్చాను. ఈ బోర్డు కొనాలనుకునే వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే దీని ధర, పొడవు, దొరకకపోవడం అన్నీ అక్కడినుంచే వచ్చాయి.

మొదట్లో స్నోబోర్డు పోటీ అంటే రేసే. 1982లో అమెరికాలోని వెర్మాంట్‌లో సూసైడ్ సిక్స్ అనే కొండ మీద జరిగిన పోటీల్లో ఉన్నవి స్లాలమ్, వేగంగా కిందకి దూసుకుపోయే డౌన్‌హిల్. 1983లో బర్టన్‌లాగే స్నోబోర్డులు చేసే టామ్ సిమ్స్ కాలిఫోర్నియాలోని సోడా స్ప్రింగ్స్‌లో పెట్టిన పోటీల్లో హాఫ్‌పైప్ (సగం గొట్టంలాంటి మంచు కాలువలో విన్యాసాలు చేసే పోటీ) చేర్చితే, ఇది రేసు కాదు కదా అని బర్టన్ వైపు వాళ్ళు గొడవ పడ్డారు. ఇప్పుడు టీవీలో చూసేవాళ్ళకి స్నోబోర్డు అంటే గాల్లో గిరికీలు కొట్టడమే. తారుమారైంది. స్నోబోర్డు వాళ్ళకి సొంత అంతర్జాతీయ సమాఖ్య ఉండేది, ఐఎస్ఎఫ్ అని. ఒలింపిక్ కమిటీ మాత్రం స్నోబోర్డుని స్కీ సమాఖ్య ఎఫ్ఐఎస్ చేతిలో పెట్టింది. హాఫ్‌పైప్‌లో అందరికన్నా పెద్ద పేరున్న నార్వే ఆటగాడు టెర్యే హాకన్‌సెన్ 1998 నగానో ఒలింపిక్స్‌కి వెళ్ళడానికే ఒప్పుకోలేదు. ఐఎస్ఎఫ్ 2002లో మూతపడింది. ఈ గొడవలో ఎక్కువ నష్టపోయింది ఆల్పైన్ వాళ్ళే అని నా అభిప్రాయం. గేట్లు (దారి చూపే కర్రలు), నంబర్లు, ఒంటికి అతుక్కునే సూట్లు, గట్టి బూట్లు, పైగా స్కీ సమాఖ్య. గాల్లో విన్యాసాలు చేసే ఫ్రీస్టైల్ కుర్రాళ్ళ కంటికి వీళ్ళు స్కీ వాళ్ళలాగే కనిపించారు.

నగానోలో స్నోబోర్డుకి నాలుగే పతకాల పోటీలు, అందులో రెండు ఆల్పైన్. జయంట్ స్లాలమ్, అంటే గేట్లు ఇంకా దూరంగా ఉండే స్లాలమ్, ఒక్కొక్కరే దిగాలి, రెండు పరుగుల సమయం కలిపి చూస్తారు. మగవాళ్ళలో కెనడాకు చెందిన రాస్ రెబాగ్లియాటి 0.02 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆడవాళ్ళలో ఫ్రాన్స్‌కి చెందిన కరీన్ రూబీ. తర్వాత 2002 సాల్ట్ లేక్‌కి ఆ పోటీ తీసేసి పారలల్ జయంట్ స్లాలమ్ పెట్టారు. ఎరుపు దారి, నీలం దారి, ఇద్దరు పక్కపక్కనే దిగాలి, ఓడినవాళ్ళు ఇంటికి. చూడటానికి ఇది బాగుంటుంది, అందులో సందేహం లేదు. నేను ష్కువోల్‌లో కంచె పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచాను.

కానీ ఊరి క్లబ్బుకి దాని అర్థం వేరు. పెద్దాయన చెప్పింది ఇదీ. వాళ్ళకి పోటీ పెట్టాలంటే పాతిక వెదురు కర్రలు, ఒక స్టాప్‌వాచీ, ఒక వాలు చాలేవి. సాసేజీలు కాల్చి అమ్మితే ఆ ఖర్చు వచ్చేసేది. పారలల్ అయ్యాక అన్నీ రెండేసి కావాలి. రెండు దారులూ ఒకేలా ఉండాలి, అంత వెడల్పున మంచు సమంగా ఉండాలి, ఇద్దరికీ ఒకేసారి తెరుచుకునే స్టార్ట్ గేట్లు ఉండాలి. ఆదివారం పొద్దున వాలు మొత్తం మూసేసి క్లబ్బుకి ఇచ్చే లిఫ్టు కంపెనీ ఏది ఉంటుంది? పైన ఒలింపిక్స్‌లో ఉన్న పోటీనే పిల్లలు కింద సాధన చేయాలి, లేకపోతే పైకి వెళ్ళే దారి లేదు. కింద దాన్ని పెట్టే స్తోమత లేదు. అలా వాళ్ళ క్లబ్బులో ముందు రేసు పోయింది, తర్వాత బోర్డులు పోయాయి.

ఆ తర్వాత వచ్చిన ఒంటి పరుగు రూల్ నాకు అన్నిటికన్నా బాధగా ఉంటుంది. ముందు ప్రతి జోడీ రెండుసార్లు దిగేది. మొదటిసారి ఎరుపులో దిగినవాళ్ళు రెండోసారి నీలంలో దిగాలి. మొదటి పరుగులో వెనకబడినవాళ్ళు రెండో పరుగులో అంత ఆలస్యంగా బయల్దేరాలి. దారుల మధ్య తేడా ఉంటే ఇద్దరికీ సమానంగా పడేది. 2014 సోచి ఒలింపిక్స్‌లో రష్యా తరఫున దిగిన విక్ వైల్డ్ పారలల్ స్లాలమ్ సెమీఫైనల్‌లో ఆస్ట్రియాకు చెందిన బెంజమిన్ కార్ల్ కన్నా సెకనుకి పైగా వెనకబడ్డాడు. రెండో పరుగులో దాన్ని పూడ్చి గెలిచాడు, తర్వాత స్వర్ణం కూడా తెచ్చుకున్నాడు. ఇప్పటి రూల్ ప్రకారమైతే మొదటి పరుగుకే అతని కథ అయిపోయేది. 2018 నాటికి నాకౌట్‌లో ఒకటే పరుగు. అర్హత పరుగుల్లో వేగంగా వచ్చినవాళ్ళు దారి ఎంచుకుంటారు. ష్కువోల్‌లో నేను చూసిన రోజు, ఎంచుకునే అవకాశం ఉన్నవాళ్ళు వరసగా ఒకే దారి ఎంచుకున్నారు. మిగిలిన దారిలో దిగేవాళ్ళ ముఖాలు స్టార్ట్ దగ్గరే తెలిసిపోయేవి. ఏడాదంతా కష్టపడిన మనిషికి రెండో దారిలో కూడా ఒక పరుగు ఇవ్వడానికి పట్టేది ఒక్క నిమిషం.

విక్ వైల్డ్ కథ ఇంకా ఉంది. ఆయన పుట్టింది అమెరికాలో. అమెరికా స్కీ, స్నోబోర్డు సంఘం ఆల్పైన్ జట్టుకి డబ్బులు ఆపేసింది. ఆయన రష్యా రేసర్ అల్యోనా జవార్జినాని పెళ్ళి చేసుకుని, రష్యా తరఫున దిగి, సోచిలో రెండు స్వర్ణాలు గెలిచాడు. మొదటి స్వర్ణం వచ్చిన రోజే ఆమెకి కాంస్యం. ఆ రెండో స్వర్ణం వచ్చిన పారలల్ స్లాలమ్ ఒలింపిక్స్‌లో ఉన్నది ఆ ఒక్కసారే. 2018లో దాన్ని తీసేశారు, ఒక పెద్ద దూకుడులో గిరికీలు కొట్టే బిగ్ ఎయిర్ వచ్చింది. 1998లో నాలుగింటిలో రెండు, 2022 బీజింగ్‌కి పదకొండింటిలో రెండు. ఇదీ ఆల్పైన్ వాటా. సంఘాలు పతకాల లెక్క చూసి డబ్బులిస్తాయి, కంపెనీలు సంఘాల్ని చూసి బోర్డులు చేస్తాయి, దుకాణాలు కంపెనీల్ని చూసి సరుకు తెప్పిస్తాయి. ఆ వరస చివర నల్లబడ్డ గోళ్ళతో నేను నిలబడ్డాను.

నా బోర్డు నాకు దొరకడమూ ఈ వరసలోదే. స్లాలమ్‌లో గేట్లు పది పన్నెండు మీటర్ల దూరంలో ఉంటాయి, జయంట్ స్లాలమ్‌లో దాదాపు అంతకి రెట్టింపు. అందుకే 162 లాంటి పొట్టి బోర్డు స్లాలమ్‌కి, 180 దాటిన పొడుగువి జయంట్ స్లాలమ్‌లో దిగే మగవాళ్ళకి. ప్రపంచ కప్‌లో స్లాలమ్ ఇంకా ఉంది, కానీ ఒలింపిక్స్‌లో లేదు. మా అమ్మాయి ఇక పొడుగు బోర్డు మీదే ధ్యాస పెట్టాలి, రెండూ కొనే స్తోమత మాకు లేదు అని అమ్మిన తల్లి నాతో చెప్పింది. ఆ పాప బోర్డు ఇస్తూ ఎడ్జ్ మీద వేలు పెట్టి, ప్రతి రెండు రోజులకీ పదును పెట్టండి అని రెండుసార్లు చెప్పింది. పెడుతున్నాను.

రూల్స్ ఒక్కటే కారణం అంటే తప్పవుతుంది. మెత్తటి బూట్లు హాయిగా ఉంటాయి, వేసుకుని నడవొచ్చు, మెట్లు దిగొచ్చు. 90లలో స్కీలకి కూడా లోతైన పక్క వంపు వచ్చాక, గాడి గీయడం స్కీల మీద కూడా తేలికైపోయింది. అయినా కొరియాలో, జపాన్‌లో హార్డ్ బూట్లు వేసుకునేవాళ్ళు ఇప్పటికీ బాగా ఉన్నారు. కొరియా కుర్రాడు లీ సాంగ్-హో చిన్నప్పుడు క్యాబేజీ తోట మీద మంచులో నేర్చుకుని 2018లో రజతం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో చెక్ అమ్మాయి ఎస్టర్ లెడెత్స్కా స్కీలో సూపర్-జీ అనే వేగపు రేసు, స్నోబోర్డు పారలల్ జయంట్ స్లాలమ్ రెండూ గెలిచింది. ఆ ఆట ఎంత గొప్పదో చూపించడానికి అంతకన్నా ఏం కావాలి?

లోపాలు కూడా చెప్పాలి. మధ్యాహ్నం దాటితే ఈ బోర్డు పక్కన పెట్టేయండి. ఏప్రిల్‌లో మంచు బెల్లం పాకంలా ముద్దవుతుంది, సన్నటి ముక్కు అందులో దిగబడిపోతుంది. కొత్తగా పడిన మంచులో కూడా అంతే. జనం ఎక్కువగా ఉన్న వాలు మీద వాడకండి, మీ మలుపు వాలు అంత వెడల్పూ తీసుకుంటుంది, వెనక వచ్చేవాళ్ళు దాన్ని ఊహించలేరు. నా బరువు 58 కిలోలు. నెమ్మదిగా వెళ్తే బోర్డు వంగదు, వంగకపోతే తిరగదు. అది బోర్డు తప్పు కాదు, రేసర్ కోసం చేసినది నేను తీసుకున్నాను.

బూట్లని బోర్డుకి బిగించే బైండింగ్ ఎఫ్2 వాళ్ళ రేస్ టైటానియం. ముందూ వెనకా స్టీలు కడ్డీలు బూటుని పట్టేస్తాయి. గట్టిగా ఉన్నాయి, మరలు నెలకోసారి బిగించుకుంటే చాలు. బూట్లు రెండో ఏడాది మార్చాను, డీలక్స్ వాళ్ళవి, లోపలి తొడుగు వేడి చేసి నా పాదానికి అచ్చు పోయించుకున్నాను. తేడా ఎంత ఉందంటే, మొదటి ఏడాది మొత్తం మళ్ళీ వెనక్కి ఇచ్చేయాలనిపించింది. మీ డబ్బులో పెద్ద వాటా బూట్లకే పెట్టండి, బోర్డు పాతదైనా పరవాలేదు.

మొన్న ఒక తెలుగమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటోంది, లిఫ్టు దగ్గర నా కాళ్ళ వైపు చూసి, "అక్కా, ఇది స్కీ బూటా, స్నోబోర్డు బూటా?" అని అడిగింది. రెండు గంటలు నా వెనకే వచ్చింది. చివర్లో, "ఈ వయసులో మొదలుపెట్టారా మీరు?" అంది. ఆస్ట్రియా రేసర్ క్లౌడియా రీగ్లర్ గురించి చెప్పాను. 41 ఏళ్ళకి 2015లో ప్రపంచ చాంపియన్ అయింది, 48 ఏళ్ళకి బీజింగ్ ఒలింపిక్స్‌లో దిగింది.

మామూలు బోర్డు మీద ఎడ్జ్ నుంచి ఎడ్జ్‌కి భయం లేకుండా మారగలిగేవాళ్ళు, పొద్దున్నే లేవగలిగేవాళ్ళు తీసుకోవచ్చు. 65 కిలోలు దాటినవాళ్ళకి 162 బాగా కుదురుతుందని నా అంచనా, తక్కువైతే ఇంకా పొట్టిది దొరికేదాకా ఆగండి. పాత బోర్డు కొంటుంటే బైండింగ్ రంధ్రాల చుట్టూ ఉబ్బు ఉందేమో వేలితో తడిమి చూడండి, ఎడ్జ్ ఎంత మిగిలిందో అడగండి. నా మొదటి బూట్లు, ఆ ఒక సైజు పెద్దవి, ఇంకా మా బాల్కనీలోనే ఉన్నాయి. గుంటూరు అమ్మాయి పాదం 26 సెంటీమీటర్లట. వచ్చే శనివారం ఫ్లుమ్‌సర్‌బెర్గ్‌లో ఆమె వాటిని వేసుకుని చూస్తుంది.